ఇంటిపేరు వరస

మన కృష్ణా డెల్టాలో మనిషి ఇంటిపేరు వింటే ఊరు తెలుస్తుంది, ఒక్కోసారి కులమూ తెలుస్తుంది. మతం మాత్రం తెలియదు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాల్లో ఒకరు దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతారు, ఇంకొకరు ఫిబ్రవరిలో గుణదల కొండకి పోతారు. రాఘవాపురం పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు, పగోలు అన్న ఇంటిపేరు వదల్లేదు. జాషువాకి పేరు బైబిలు ఇచ్చింది, గుర్రం అన్నది వంశం ఇచ్చింది. ఆ మహాకవిని రెండు వైపులవాళ్ళూ దూరం పెట్టారు, ఇంటిపేరు మాత్రం చివరిదాకా ఆయన వెంటే ఉంది.

చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఇంకో అడుగు ముందుకు వేసినవాళ్ళున్నారు. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులుగా ఉన్నవాళ్ళు, 1980ల నుంచి తాము యూదులమని చెప్పుకుంటున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు. షుమ్యేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు వాళ్ళని ఆ దారిన నడిపించారు. ఊళ్ళో చిన్న సినగాగ్ ఉంది, శనివారం విశ్రాంతి దినం. వాళ్ళ మీద 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఒక పుస్తకమే వేసింది. తాత ముత్తాతల్ని లెక్కపెడుతూ పోతే హిందువూ క్రైస్తవుడూ యూదుడూ ఒకే వాకిట్లో కలుస్తారు.

ఇక్కడిదాకా వింటే ముచ్చటగానే ఉంటుంది. నేను చెప్పబోయేది ఆ వాకిట్లోకి కాగితం వచ్చాక జరిగిన సంగతి. ఇంటిపేరు రాయను. రాస్తే ఆ ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది, ఆ పిల్లలకి నష్టం.

బందరు కాలవ మీద ఒక ఊరు. అక్కడి మాలపల్లెలో ఒకే ఇంటిపేరుతో రెండు కుటుంబాలు. మొదటి కుటుంబం పెద్దాయన కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యాడు. పల్లెలోని రామాలయానికి ఆయనే పెద్ద. రెండో కుటుంబం మెట్ట నుంచి వచ్చింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారడం మొదలయ్యాక పని వెతుక్కుంటూ డెల్టాలోకి దిగినవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, ఆ వలసలో వచ్చినవాళ్ళని చెప్పుకుంటారు. వాళ్ళ తాత మిషన్ బళ్ళో పంతులు, సీఎస్ఐ సంఘంలో పెద్ద. ఆ పంతులు గారి కొడుకు నాతో కలిసి బెజవాడలో ఉద్యోగం చేశాడు. నాకు మంచి స్నేహితుడు.

రెండు కుటుంబాల మూలపురుషుడు ఒకడేనా, కాదా? ఎవరూ రాసి పెట్టలేదు. పంతులు గారు బతికున్న రోజుల్లో లస్కరు గారిని "తమ్ముడూ" అని పిలిచేవాడట. లస్కరు గారు పలికేవాడు గానీ తిరిగి "అన్నా" అనేవాడు కాదట.

నా స్నేహితుడు హిందువుల అమ్మాయిని, తన కులంలోనే, గుళ్ళో పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి ముందు శుద్ధి చేయించుకున్నాడు. నమ్మకం మారి చేశాడో, పుట్టబోయే పిల్లల చదువుల కోసం చేశాడో నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందని ఎప్పుడూ అనుకోలేదు. ఒక కొడుకు, ఒక కూతురు. ఉమ్మడి రాష్ట్రం ఇంకా ఉండగానే కొడుకు ఎంసెట్ రాశాడు. మంచి ర్యాంకే వచ్చింది. ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే కోరుకున్న కాలేజీలో సీటు ఖాయం.

ఇక్కడ చట్టం సంగతి కాస్త చెప్పాలి. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ చేర్చలేదు. మాలపల్లె నుంచి చర్చికి పోయినవాడు మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. ఎస్సీలకి పదిహేను శాతం, బీసీ-సీకి ఒక్క శాతం. గుడిసె మారదు, చెరువు రేవు మారదు, ఊళ్ళో పిలిచే పిలుపూ మారదు. రిజర్వేషన్ మాత్రం మారిపోతుంది.

మరి తిరిగి వచ్చినవాడి సంగతి? ఆ ప్రశ్న సుప్రీంకోర్టుకి వెళ్ళింది కూడా మన ప్రాంతం నుంచే. గుంటూరు మెడికల్ కాలేజీ సీటు విషయంలో 1976లో తీర్పు వచ్చింది. తల్లిదండ్రులు మాదిగల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్ళు, కొడుకు హిందువుగా తిరిగి వచ్చాడు. అలా వచ్చినవాణ్ణి కులస్థులు తమవాడిగా ఒప్పుకుంటే ఆ కులం వాడే అవుతాడని కోర్టు చెప్పింది. 2015లో ఇంకో కేసులో అదే సంగతిని మూడు షరతులుగా విడమరిచింది: ఒకప్పుడు ఆ కులమేనని రుజువుండాలి, తిరిగి వచ్చినట్టు రుజువుండాలి, కులస్థులు ఒప్పుకున్నట్టు రుజువుండాలి. మొదటి రెండింటికీ కాగితాలు దొరుకుతాయి. మూడోది మనుషుల నోట్లో ఉంది.

నా స్నేహితుడు పెట్టుకున్న అర్జీ మీద విచారణకి ఊళ్ళోకి వచ్చారు. అదే ఇంటిపేరున్న పెద్దమనిషి ఎవరని అడిగారు. అందరూ లస్కరు గారి ఇల్లు చూపించారు.

ఆయన వాంగ్మూలం ఇచ్చాడు. అర్జీ కొట్టేస్తూ ఇచ్చిన ఉత్తర్వుకి దాని నకలు కూడా జతచేశారు. నా స్నేహితుడు ఆఫీసులో నా బల్ల మీద పెట్టి చూపించాడు, అందుకే ఆ మాటలు నాకు బాగా గుర్తు. "సదరు కుటుంబమునకు మాకు ఇంటిపేరు ఒకటే అయినను ఎటువంటి రక్తసంబంధము లేదనియు, మా కులస్థులెవరును వారిని తమవారిగా అంగీకరించి యుండలేదనియు, వారితో మాకు బంతి భోజనములు గాని మైల పాటింపులు గాని లేవనియు, చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకము చేసితిని." కింద సంతకం. ప్రతి అక్షరం విడివిడిగా, గుండ్రంగా, ఒత్తి రాసింది. ఏళ్ళ తరబడి లాకుల రిజిస్టరులో నీటిమట్టం రాసి రాసి కుదిరిన చేతిరాత. దాని పక్కన ఆఫీసరు గారి పచ్చ సిరా.

ఎందుకలా రాశాడని ఊళ్ళో అడిగినవాళ్ళకి ఆయన దాపరికం లేకుండానే చెప్పాడట: "కోటాలోకి ఒకడు కొత్తగా వచ్చాడంటే మనోడొకడు బయటికి పోయినట్టేగా." ఆ భయాన్ని నేను తీసిపారెయ్యలేను. పది ఉద్యోగాలకి వెయ్యిమంది నిలబడ్డచోట పక్కవాడు దాయాదిగా కనపడడు, పోటీగా కనపడతాడు. ఆ ఇరుకు ఆ పల్లె చేసుకున్నది కాదు. అయినా పంతులు గారి మనవడి చదువు మీద పడిన దెబ్బ, దెబ్బ కాకుండా పోదు. వాడు బీకామ్ చేసి, బందరు రోడ్డులో ఒక ఆడిటరు దగ్గర లెక్కలు రాసుకుంటూ స్థిరపడ్డాడు.

మధ్యధరా సముద్రం అవతల అల్జీరియాలోనూ ఇలాంటిది జరిగింది. అక్కడ హద్దాద్ అన్న ఇంటిపేరు యూదులకీ ఉంది, ముస్లింలకీ ఉంది. తాతలు కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళని ఆ పేరే చెబుతుంది. బెన్‌సయీద్ కూడా అంతే, రెండు మతాల్లోనూ కనపడుతుంది. ఒకే ఊరి వీధుల్లో, ఒకే అరబ్బీ మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. 1870 అక్టోబరులో ఫ్రెంచి ప్రభుత్వం క్రెమ్యూ డిక్రీ అనే కాగితం తెచ్చింది. దాంతో దాదాపు ముప్పై అయిదు వేలమంది యూదులు ఫ్రెంచి పౌరులయ్యారు, ముస్లింలు వలస పాలన కింది ప్రజలుగానే మిగిలిపోయారు. ఒక హద్దాద్‌కి ఓటు, ఇంకో హద్దాద్‌కి లేదు. ఇచ్చిన కాగితమైనా నిలిచిందా? 1940 అక్టోబరు 7న విషీ సర్కారు ఆ డిక్రీని రద్దు చేసింది. డెబ్భై ఏళ్ళు పౌరులుగా బతికినవాళ్ళు ఒక్కరోజులో పౌరులు కాకుండా పోయారు. మళ్ళీ 1943లో గానీ ఆ హక్కు తిరిగి రాలేదు. ఒకే ఇంటిపేరు వాళ్ళని విడదీయడానికి మతం ఒక్కటే చాలదు, సంతకం కూడా కావాలి. ఆ సంతకం ఫ్రాన్సులో పెట్టినా, మన కాలవ గట్టు మీద పెట్టినా చేసే పని ఒకటే.

నా స్నేహితుడు గుండెపోటుతో పోయాడు. ఊళ్ళోనే దహనం చేశారు. ఒకే ఇంటిపేరు వాళ్ళకి పది రోజుల మైల ఉంటుంది కదా. లస్కరు గారు పాటించలేదు. మూడో రోజునే ఆయన ఇంట్లో కొత్త గదికి గడప పూజ చేసుకున్నారు. ఎవరో అడిగితే, "ఇంటిపేరు కలిసినంత మాత్రాన మైల అంటుకుంటదా" అన్నాడట. ఆ పూజ బాజాలు నా స్నేహితుడి ఇంట్లోకి వినపడ్డాయి. ఆరోజు నేను అక్కడే ఉన్నాను. అతని భార్య లేచి వెళ్ళి కిటికీ మూసింది, అంతే. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఇక పెళ్ళి సంగతి. లస్కరు గారి కొడుకు కూతురు బెజవాడలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతుంది. నా స్నేహితుడి కొడుకూ ఆ అమ్మాయీ ఒకే బస్సులో ఊరికి వచ్చిపోతూ ఇష్టపడ్డారు. మాట ఇళ్ళదాకా వచ్చేసరికి 2025 వేసవి. మెగా డీఎస్సీ నోటిఫికేషన్ పడి, 16,347 పోస్టులని ఊరూరా అదే ధ్యాసగా ఉన్న రోజులు. అమ్మాయి తమ్ముడు ఇంట్లో మంచం మీద పుస్తకాలు పరుచుకుని దానికే చదువుతున్నాడు. అబ్బాయి చెల్లెలు కూడా దానికే చదువుతోంది, బీసీ-సీలో.

తండ్రి లేడు గనక పెద్దమనిషిగా రమ్మని అబ్బాయి తల్లి నన్ను పిలిచింది. కాలవలు కట్టేసిన కాలం, గుర్రపుడెక్క ఎండి గట్టుకి అంటుకుని ఉంది. ఆవిడ ఒక బుట్టలో నూజివీడు రసాలు తెచ్చింది. చంకలో చేతిసంచి. మమ్మల్ని వసారాలో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. మజ్జిగ ఇచ్చారు. మర్యాదకి లోటు లేదు.

మతం దగ్గర చిక్కు వస్తుందని నేను సిద్ధపడి వెళ్ళాను. రాలేదు. అమ్మాయి తండ్రి నెమ్మదస్తుడు. "వాళ్ళ తాత కాలం వేరు, వీళ్ళు గుడికే పోతున్నారు, ఆవిడ దుర్గమ్మకి కుంకుమ పూజ చేయించుకుంటది, మాకేం అభ్యంతరం లేదండీ" అన్నాడు. కట్నం మాట అబ్బాయే వద్దన్నాడు. అమ్మాయి తల్లి తలుపు చాటు నుంచి మా అబ్బాయి వంక చూస్తూనే ఉంది, ముఖంలో సంతోషం తెలుస్తోంది. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు లస్కరు గారు గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ బాగానే ఉన్నయ్. ఒక్కటే అడ్డం. ఇంటిపేరు ఒకటి. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళవుతారు. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంది?"

నేను నాకు తెలిసింది చెప్పాను. సగోత్రం అడ్డు కాదని 1946లోనే చట్టం వచ్చిందండీ, 1955 హిందూ వివాహ చట్టంలోనూ ఇంటిపేరు గురించి ఏమీ లేదండీ అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చట్టం మీది. రక్తం మాది." అని అబ్బాయి వైపు తిరిగాడు. ఆయన గొంతు మారిపోయింది. "మీ తాత నాకు అన్న అవుతాడయ్యా. పంతులు గారని ఊరంతా పిలిచినా నాకు అన్నే. ఆయన గుళ్ళోకి పోతే ఏంది, చర్చికి పోతే ఏంది? మీ నాన్న నా కొడుకు లాంటోడు. నువ్వు మా పిల్లోడివి. మా రక్తం. మా రక్తానికి మా రక్తాన్ని ఎట్లా ఇచ్చేది, నువ్వే చెప్పు నాయనా."

ఆ మాటలు నటన అనిపించలేదు నాకు. ఆయన కళ్ళు తడిశాయి. మా అబ్బాయి తల దించుకున్నాడు. తాత ఎదురుచూసి పోయిన మాట అది. తండ్రి కాగితం మీద అడిగి లేదనిపించుకున్న మాట. అది తన పెళ్ళి చెడగొట్టడానికి వినపడితే ఆ కుర్రాడు ఏమంటాడు? లోపల గదిలో గాజులు గలగలమన్నాయి, అమ్మాయి గోడకి ఆనుకుందేమో. నేనూ ఇక లేద్దామనుకున్నాను.

ఆవిడ లేవలేదు. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి, బల్ల మీద రసాల బుట్ట పక్కకి జరిపి, అరచేత్తో మడతలు సాపు చేసింది. మడతల దగ్గర చిరగకుండా వెనక టేపు అంటించి ఉంది. పచ్చ సిరా కాస్త వెలిసింది. గుండ్రటి సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

"మావయ్య గారూ, ఇది మీ చేతిరాతేనా అండీ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చివరిదాకా చదివాడు. అమ్మాయి తండ్రి కూడా వంగి చదివాడు. ఆ కాగితం సంగతి ఆయనకి అంతవరకూ తెలియదని ముఖం చూస్తేనే అర్థమైంది. "రక్తసంబంధం లేదని నువ్వే రాశావు గదా నాన్నా. ఇక అడ్డమేముంది?" అన్నాడు.

"అప్పుడేదో అడిగారు, ఏదో చెప్పాను," అన్నాడు లస్కరు గారు. "కాగితం కాగితమే, రక్తం రక్తమే. మీ ఇంట్లో వాళ్ళు మా వాళ్ళే. ఎవరి ముందైనా చెబుతాను."

ఆవిడ ఆ మాట కోసమే ఆగినట్టుంది. సంచిలోంచి పెన్ను తీసి, మూత తీసి, కాగితం మీద అడ్డంగా పెట్టింది.

"ఎవరి ముందూ వద్దు మావయ్య గారూ. ఇప్పుడన్న ముక్కే దీని కింద రాసి సంతకం పెట్టండి. మేము మీ వాళ్ళమేనని, మీరంతా ఒప్పుకున్నారని. మా చిన్నదానికి పనికొస్తది. రాసిచ్చారంటే ఈ సంబంధం మాట ఇక ఎత్తను. మావాణ్ణి నేను ఒప్పిస్తాను. నా భర్త మీద ఒట్టు."

మా అబ్బాయి "అమ్మా" అన్నాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు.

లస్కరు గారు పెన్ను వంక చూశాడు. గదిలో మంచం మీద పుస్తకాల మధ్య కూర్చున్న మనవడి వంక చూశాడు. కుర్రాడు ఎప్పటి నుంచో చదవడం ఆపేసి ఇటే చూస్తున్నాడు. ముసలాయన చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది. దాన్ని తీసి, మూత పెట్టి, ఆవిడ సంచి పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

"అమ్మాయ్," అని లోపలికి కేక వేశాడు, "ఆ పంచాంగం ఇలా పట్రా. శ్రావణంలో ముహూర్తాలేమున్నయ్యో చూద్దాం."